వెనక ఇరుసుకి తాళం

ఆ వానాకాలం మొత్తం మా ఇంట్లో ఒకటే మాట నడిచింది. ట్రక్కు వెనక ఇరుసుకి ఎలాంటి లాక్ వేయించాలి అని.

వినేవాళ్లకి వింతగానే ఉండేది. ఇంట్లో పెద్దమనిషికి రెండు కిడ్నీలూ పనిచేయడం మానేస్తే, మేం అన్నం దగ్గర కూర్చుని గేర్ల గురించి వాదించుకునేవాళ్లం. కానీ మా ఇల్లు గుట్ట మీద, మా ఆయన పనిచేసే నీళ్ల పంపుహౌసు పక్కన ఉంది. మామయ్యకి వారానికి మూడుసార్లు కింద పట్నంలో డయాలసిస్ జరగాలి. పంపులు వదిలి మా ఆయన రాలేడు. నేను పట్నంలో కళ్లజోళ్ల దుకాణంలో అద్దాలు అరగదీసే పని చేస్తాను కాబట్టి రోజూ ఎలాగూ ట్రక్కు తీయాల్సిందే. పొద్దున్న మామయ్యనీ అత్తయ్యనీ సెంటర్ దగ్గర దించి పనికి వెళ్లేదాన్ని. సాయంత్రం మళ్లీ ఎక్కించుకుని గుట్ట ఎక్కేదాన్ని.

ట్రక్కు మామయ్యది. ఉద్యోగమంతా సర్వే వాళ్ల బండ్లు నడిపి, చివర్లో తనకంటూ కొనుక్కున్నది. ముందు ముగ్గురం కూర్చోవచ్చు, వెనక సామాను తొట్టి. నాకు స్టీరింగ్ పట్టుకోవడం నేర్పింది కూడా ఆయనే. మా దారి రెండు రకాలు. ఇంటి నుంచి మొదట జిగటమట్టి ఏటవాలు. దాన్ని మేం జారుడుబల్ల అనేవాళ్లం. అది దాటితే పట్నం దాకా తారు రోడ్డే, కాకపోతే ఒక మలుపు తిరిగి ఊపిరి పీల్చుకునేలోపు ఇంకో మలుపు.

మొదటి పెద్దవాన పడిన సాయంత్రం జారుడుబల్ల సగంలో బండి ఆగిపోయింది. నాలుగు చక్రాలూ కలిపే గేరు వేశాను. ఇంజను అరుస్తోంది తప్ప బండి కదలడం లేదు. రెండు పక్క అద్దాల్లోనూ చూస్తే వెనక ఎడమ చక్రం గుంట మీద గాల్లో వేలాడుతూ గిర్రున తిరుగుతోంది. కుడి చక్రం గట్టి రాయి మీద ఉంది. అది మాత్రం కదలకుండా కూర్చుంది.

"కాలు తీసెయ్ అమ్మాయ్," అన్నారు మామయ్య. డయాలసిస్ అయిన రోజు ఆయన గొంతు సగమే ఉండేది. "ఇంకా తొక్కితే బండి పక్కకి జారుతుంది."

"ముందు చక్రాలైనా లాగొచ్చు కదా మామయ్యా."

"ముందు కూడా ఇదే కథ. అక్కడ ఒకటి జారుతోంది చూడు."

అత్తయ్య ఆయన భుజాల మీద దుప్పటి సర్దింది. మా ఆయన పంపుహౌసు ట్రాక్టరు తీసుకుని వచ్చి లాగేదాకా అలాగే కూర్చున్నాం. వాన అద్దం మీద కొడుతోంది. ఆ సమయంలో మామయ్య నాకు ఆ గేర్ల సంగతి చెప్పారు. మలుపులో బయటి చక్రం ఎక్కువ దూరం పోవాలి, లోపలి చక్రం తక్కువ. అందుకని ఇరుసు మధ్య ఉన్న గేర్లు రెండింటినీ విడివిడిగా తిరగనిస్తాయి. ఏ చక్రానికి పని తేలికో దాని వైపు బలం పంపిస్తాయి.

"తారు మీద అది మంచి గుణం," అన్నారు. "బురదలో అదే రోగం. గాల్లో ఉన్నదానికి బలమంతా ధారపోస్తుంది. నేల మీద కాలూనుకున్నది ఉత్తినే చూస్తూ ఉంటుంది. రెంటినీ కలిపి తాళం వేశామనుకో, రెండూ ఒక్కలాగే తిరుగుతాయి. అప్పుడు ఆ కుడి చక్రం మనల్ని పైకి తోసేది."

"మరి ముందే వేయించలేదే?"

"ముందు నేను నడిపేవాణ్ణిగా," అని నవ్వారు. తర్వాత దగ్గొచ్చింది.

*

మా మెకానిక్‌ని పట్నంలో అందరూ నెమ్మది అని పిలుస్తారు. ఏ పని చెప్పినా "నెమ్మదిగా చేద్దాం" అంటాడు గనక. అతను ఒక ఆదివారం మా ఇంటికి వచ్చి, ట్రక్కు కింద దూరి, చేతులు తుడుచుకుంటూ లోపలికి వచ్చాడు.

"రెండు రకాలున్నాయి పెద్దాయనా," అన్నాడు. "ఒకటి దానంతట అదే పడుతుంది. యాక్సిలేటర్ తొక్కితే చాలు, తాళం పడిపోతుంది. మలుపులో కాలు తీస్తే వదిలేస్తుంది. అది నా దగ్గరే ఉంది, రేపు బండి పెడితే ఎల్లుండి ఇస్తాను. రెండోది స్విచ్చుది. నొక్కితే పడుతుంది, మళ్లీ నొక్కితే వదులుతుంది. అది తెప్పించాలి. ఎప్పుడొస్తుందో చెప్పలేను."

"మొదటిదే వేసెయ్," అన్నాడు మా ఆయన. ఇంకా కంచం ముందు నుంచి లేవనే లేదు.

"ఆగరా," అన్నారు మామయ్య.

"దేనికి ఆగాలి నాన్నా? దానికి స్విచ్చు లేదు, గాలి గొట్టం లేదు, పాడయ్యేది ఏమీ లేదు. ఇది జారుడుబల్ల దగ్గరకొచ్చి కంగారులో స్విచ్చు మర్చిపోయినా పర్లేదు."

'ఇది' అంటే నేను.

"జారుడుబల్ల ఎంతసేపు రా?" అన్నారు మామయ్య. "ఓ పావుగంట. మిగతా దారంతా తారు. ఆ మొదటి రకం తారు మీద ఏం చేస్తుందో తెలుసా? మలుపు మధ్యలో కొంచెం తొక్కావా, వెనక రెండు చక్రాలూ ఒక్కటైపోయి బండిని తిన్నగా నెడతాయి. తిన్నగా అంటే లోయలోకి. అదీ తడిలో."

"అలవాటైపోతుంది. చాలామంది అదే వేయించుకుంటున్నారు."

"వాళ్లు అడవిలో తిప్పుకునే బండ్లకి వేయించుకుంటారు. ఇది రోజూ ఆఫీసుకెళ్లినట్టు పోయి వచ్చే బండి."

నెమ్మది ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూశాడు. "మధ్యరకం ఒకటుంది," అన్నాడు. "తాళం పూర్తిగా పడదు, కొంచెం బిగుసుకుంటుంది. తారు మీద సాధువు."

"చక్రం గాల్లో ఉంటే?" అన్నారు మామయ్య.

"గాల్లో ఉంటే దానికీ చేతకాదు."

"మరింకేం."

అత్తయ్య వంటింటి గుమ్మంలో నిలబడి వింటోంది. "ఆ చక్రం గురించి మాట్లాడినంత శ్రద్ధగా డాక్టర్‌తో మాట్లాడితే బాగుండును, ఇద్దరూ," అంది. ఆమె మామయ్య ముందు చిన్న గ్లాసులో నీళ్లు పెట్టి వెళ్లింది. ఒంట్లో నీరు చేరకూడదని, ఆ గ్లాసే మధ్యాహ్నం దాకా ఆయన వంతు. పంపుహౌసు తొట్లలో ఊరంతటికీ సరిపడా నీళ్లు గలగలమంటుంటే, ఆయన ఆ గ్లాసులోంచి ఒక గుక్క తీసుకుని నోట్లోనే ఉంచుకునేవారు.

వాదన వారం దాటినా తెగలేదు. తండ్రీకొడుకులు ఎప్పుడూ అంత గట్టిగా మాట్లాడుకోగా నేను చూడలేదు. మా ఆయన సాధారణంగా దేనికీ పట్టుబట్టే మనిషి కాదు. ఈ విషయంలో మాత్రం "దొరికేది వేయించేద్దాం, ఇప్పుడే వేయించేద్దాం" అని ఒకే పాట. మామయ్యది ఇంకో పాట. స్విచ్చుదైతేనే వేయించాలి. అందులో కూడా గాలితో పనిచేసేదా, కరెంటుతో పనిచేసేదా అని ఉపవాదం. గొట్టం తెగితే టేపు చుట్టుకోవచ్చు, తీగ లోపల కాలితే ఎవరు చూస్తారు అని ఆయన. గొట్టానికి కంప్రెసర్ కావాలి, అదొక కొత్త తలనొప్పి అని ఈయన. మధ్యలో నేను. నడిపేది నేనని ఇద్దరికీ గుర్తున్నట్టు లేదు.

చివరికి మామయ్యకే గుర్తొచ్చింది. సెంటర్ మెట్లెక్కుతూ నా చెయ్యి పట్టుకుని ఆగారు. "అమ్మాయ్, మేమిద్దరం ఇలా జన్మంతా అరుచుకుంటాం. నువ్వు పోయి నెమ్మది దగ్గర ఒకసారి నడిపి చూడు. నీకేది తోస్తే అది."

"నాకేం తెలుసు మామయ్యా?"

"స్టీరింగ్ నీ చేతిలో ఉంది. అంతకన్నా ఏం తెలియాలి?"

ఆ మధ్యాహ్నం భోజనం మానేసి నెమ్మది షెడ్డుకి వెళ్లాను. కలప కాంట్రాక్టరు బండి ఒకటి రిపేరుకొచ్చి ఉంది. దానికి మొదటి రకం వేసి ఉంది. వాన సన్నగా పడుతోంది. నెమ్మది పక్కన కూర్చున్నాడు. షెడ్డు ముందు రోడ్డు మలుపులో మెల్లగా తిప్పినప్పుడు వెనక నుంచి టక్, టక్ అని చప్పుడు వచ్చింది, ఎవరో ఇనుపపెట్టె తలుపు తడుతున్నట్టు. రెండో మలుపులో, చూద్దామని, కొంచెం తొక్కాను.

బండి నా మాట వినలేదు. స్టీరింగ్ ఎడమకి తిప్పి ఉంది, ముక్కు మాత్రం తిన్నగా కాలవ వైపు పోతోంది. వెనక నుంచి ఎవరో వీపు మీద చేయి వేసి నెట్టినట్టుంది.

"త్వరగా కాలు తియ్యి చెల్లెమ్మా, త్వరగా," అన్నాడు నెమ్మది. ఆ మాట అతని నోట రావడం పట్నంలో ఎవరైనా వినుంటారో లేదో.

కాలు తీశాను. టక్‌మని వదిలింది. కాలవ అంచున ఆగాం. చేతి బ్రేకు లాగాను.

"అలవాటవుతుందా అన్నా?"

అతను ఆలోచించాడు. "అవుతుంది. అలవాటైన మనిషి కూడా ఒక్కోరోజు అలిసిపోయి ఉంటాడు కదా."

స్విచ్చుది తెప్పించమన్నాను. గాలితో పనిచేసేది. ఇంటికొచ్చి చెబితే మామయ్య తల ఊపి కళ్లు మూసుకున్నారు. మా ఆయన "సరే" అన్నాడు. అంత చిన్న సరే ఆయన నోట నేనెప్పుడూ వినలేదు. చెప్పులు వేసుకుని పంపుల దగ్గరకి వెళ్లిపోయాడు.

*

లాక్ రావడానికి పట్టిన కాలం నాకు ఇప్పటికీ వాన చప్పుడుగానే గుర్తుంది. చక్రాలకి గొలుసులు చుట్టి దిగేవాళ్లం, కింద తారు రాగానే విప్పేవాళ్లం. పైకి వచ్చేటప్పుడు జారుడుబల్ల మొదట్లో హారన్ కొడితే మా ఆయన ట్రాక్టరుతో కిందికొచ్చేవాడు. ఒకసారి ట్రాక్టరే దిగబడింది. మామయ్యని పంపుహౌసు వాళ్లు వంతులవారీగా వీపు మీద మోసుకొచ్చారు. ఆయన మోసేవాడి చెవి దగ్గర "నువ్వు మంచి బండివిరా, నీకు ఏ లాకూ అక్కర్లేదు" అంటూ వచ్చారు. ఆ రాత్రి అన్నం తినలేదు. కాళ్లు వాచి ఉన్నాయి. వేలితో నొక్కితే గుంట అలాగే ఉండిపోయింది.

మా ఆయన నన్నేమీ అనలేదు. అనుంటే నేను జవాబు వెతుక్కునేదాన్ని. గొలుసుల మీది ఎండిన బురదని చువ్వతో గీకుతూ, గీకుతూ ఉండేవాడు.

లాక్ వచ్చింది. నెమ్మది బిగించాడు. స్టీరింగ్ పక్కన వేలిగోరంత స్విచ్చు. సెంటర్ నుంచి వస్తూ ఆ సాయంత్రం మామయ్య అత్తయ్యని కిటికీ వైపు కూర్చోబెట్టి తాను మధ్యలో, నా పక్కన కూర్చున్నారు. జారుడుబల్ల మొదట్లో బండి ఆపించారు.

"నొక్కు."

నొక్కాను. కింద ఎక్కడో బుస్సుమని గాలి వెళ్లిన చప్పుడు, ఆపైన మెత్తగా ఒక టిక్.

"తొందరపడకు. తక్కువలో, ఒకే తీరుగా."

బండి ఎక్కడం మొదలుపెట్టింది. అదే గుంట దగ్గరకి వచ్చాం. ఎడమ చక్రం గాల్లోకి లేచిన సంగతి నా నడుముకి తెలిసింది. బండి ఒక్క క్షణం ఆలోచించినట్టు ఆగి, కుడి చక్రం రాయిని పట్టుకుని, మమ్మల్ని పైకి నెట్టింది. ఇంజను గొంతు కూడా మారలేదు.

"మధ్యలో ఆపు," అన్నారు మామయ్య.

"ఇక్కడా?"

"ఆపి మళ్లీ కదిలించు. నేను చూడాలి."

ఆపాను. కదిలించాను. కదిలింది. అత్తయ్య "చాల్లెండి మీ పరీక్షలు" అంది గానీ నవ్వుతోంది. పైన గట్టినేల రాగానే ఆయన వేలు స్విచ్చు వైపు చూపించారు. "తీసెయ్. పని అయిపోయాక పట్టుకుని ఉండకూడదు."

వరండాలో మా ఆయన నిలబడి ఉన్నాడు. మేం హారన్ కొట్టకుండా వచ్చేసరికి బండి చుట్టూ ఒకసారి తిరిగి వచ్చి, "బాగుంది," అన్నాడు.

తర్వాతి రోజులు మంచివి. సెంటర్లో మామయ్య పక్క మంచం ఆయనకి, నర్సుకి, సూదులు తెచ్చే అతనికి కూడా లాక్ గురించి చెప్పారట. "వెనక ఇరుసు ఎలా ఉంది తాతగారూ?" అని నర్సు పలకరించేది. ఆయన ఒళ్లు కూడా కాస్త తేరుకున్నట్టే కనిపించింది. లేదా మేం అలా చూశాం.

*

ఆ తర్వాత ఆగకుండా కురిసింది. ఒక పొద్దున్న, డయాలసిస్‌కి బయల్దేరి జారుడుబల్ల సునాయాసంగా దిగాం. లాక్ తీసేసి తారు ఎక్కాను. మొదటి మలుపు తిరిగేసరికి రోడ్డు లేదు.

కల్వర్టు ఉండాల్సిన చోట ఒక ఇల్లు పట్టేంత ఖాళీ. కింద ఎర్రటి నీళ్లు చెట్ల వేళ్లని పట్టుకుని గుంజుతున్నాయి. అవతల తారు మళ్లీ మొదలై, ఏమీ జరగనట్టు పట్నం వైపు వెళ్తోంది.

ఇంజను ఆపాను. ముగ్గురం దిగాం. మామయ్య బానెట్ మీద చెయ్యి ఆనించి చాలాసేపు చూశారు. అంచు దగ్గర ఇంకో పెళ్ల విరిగి నీళ్లలో పడింది.

"దీనికి మనం ఏమీ వేయించలేం," అన్నారు.

వెనక్కి తిప్పాను. ఆ మలుపు దగ్గర బండి వెనక్కి తిప్పడం అంత తేలిక కాదు. ఆయన అద్దంలోంచి చూస్తూ "రానియ్, ఇంకా రానియ్" అంటూ సాయం చేశారు. ఇంటికొచ్చాం.

మా ఆయన ఫోను దించలేదు. రోడ్ల వాళ్లు వాన తగ్గితే మిషను పంపుతామన్నారు. ఆసుపత్రి వాళ్లు అంబులెన్సు అవతలి ఒడ్డు దాకా వస్తుందన్నారు. ఇవతలి నుంచి అవతలికి ఎలా అంటే అది వాళ్ల పరిధిలో లేదన్నారు. మర్నాటికి మామయ్య మొహం ఉబ్బింది. పడుకుంటే ఊపిరి అందడం లేదని కుర్చీలోనే కూర్చున్నారు. అత్తయ్య ఆయన వెనక నిలబడి వీపు రాస్తూ ఉంది. ముంగిట్లో ట్రక్కు తడుస్తూ ఉంది. ఎంత బురదనైనా దాటే బండి. నేను కిటికీలోంచి దాన్ని చూసి మొహం తిప్పుకునేదాన్ని.

ఆ పైరోజు పొద్దున్న వాన కాస్త సన్నబడింది. మా ఆయన ఇంకో నలుగురు పంపుహౌసు వాళ్లని తీసుకొచ్చాడు. వంటింటి కుర్చీకి రెండు పక్కలా రెండు పైపులు కట్టారు. మామయ్యని అందులో కూర్చోబెట్టి, ఒంటికి గోనెపట్టా చుట్టి, తాడుతో బిగించారు. గండి దాకా ట్రక్కులో తీసుకెళ్లింది నేనే. అక్కడి నుంచి పొదల్లోంచి కిందికి దిగి, నీళ్లు పలచగా ఉన్నచోట దాటి, మళ్లీ పైకి ఎక్కాలి.

"ముందువాళ్లు ఎత్తి పట్టండి, వెనకవాళ్లు వంగండి," అని కుర్చీలోంచి మామయ్యే చెబుతున్నారు. ఒక్కో మాటకీ మధ్య ఊపిరి తీసుకుంటూ. "అందరూ ఒకేసారి అడుగెయ్యొద్దురా. ఒకరి కాలు నేల మీద ఉన్నాకే ఇంకొకరు."

నీళ్లలో ఒకతను మోకాలి మీద పడ్డాడు. కుర్చీ ఒరిగింది. మా ఆయన నడుందాకా దిగి పైపు కింద భుజం పెట్టాడు. నేను ఇవతలి ఒడ్డున అత్తయ్య చెయ్యి పట్టుకుని నిలబడ్డాను. చేయగలిగింది అంతకన్నా లేదు. అవతల అంబులెన్సు వెనక తలుపులు తెరిచి ఉన్నాయి. కుర్చీ పైకి ఎక్కాక, లోపలికి ఎక్కించే ముందు, మామయ్య తల తిప్పి మా వైపు చూసి చెయ్యి ఎత్తారు. స్టీరింగ్ తిప్పినట్టు చూపించారు. బండి ఇంటికి తీసుకెళ్లమని.

అత్తయ్యని తర్వాత మా ఆయనే చెయ్యి పట్టి దాటించాడు.

*

మళ్లీ గుట్ట ఎక్కించే మాటే లేదన్నారు డాక్టర్లు. సెంటర్ దగ్గర దర్జీ దుకాణం మీద ఒక గది దొరికింది. మామయ్యా అత్తయ్యా అక్కడ ఉండిపోయారు. గండి అంచు ఇంకా విరుగుతోంది కనక ట్రక్కు ఇంటి దగ్గరే వదిలి, నేను రోజూ పొదల దారిన దిగి, దాటి, అవతల బస్సు పట్టుకుని పనికి వెళ్లేదాన్ని. మధ్యాహ్నం గదికి వెళ్లి చూసొచ్చేదాన్ని. చెప్పుకోవడానికి ఎక్కువ ఉండేది కాదు. ఆయన నిద్రలో ఉండేవారు, లేదా నిద్రలాంటి దానిలో.

సాయంత్రం నేను ఇల్లు చేరే వేళకి మాత్రం ఫోను చేసేవారు.

"స్టార్ట్ చేశావా?"

"చేస్తున్నా మామయ్యా."

"వాడకుండా పెడితే బ్యాటరీ పోతుంది. గొట్టాల్లో తేమ చేరుతుంది. లాక్ ఒకసారి వేసి తియ్యి. వినిపించు."

ట్రక్కులో కూర్చుని ఫోను కిందికి పట్టుకుని స్విచ్చు నొక్కేదాన్ని. బుస్సు, టిక్. మళ్లీ నొక్కితే వదిలిన చప్పుడు. "ఆఁ," అనేవారు అటు నుంచి. ముంగిట్లో ఒక చుట్టు తిప్పి ఆపేసేదాన్ని. చుట్టూ చక్రాల గుర్తులు గుండ్రంగా పడి, వాటిలో నీళ్లు నిలిచేవి. బండి పోవడానికి అంతకంటే దారి లేదు.

కొన్నాళ్లకి ఫోను అత్తయ్య చేయడం మొదలుపెట్టింది. "మీ మామయ్య అడగమంటున్నారు, స్టార్ట్ చేశావా అని." వెనక ఆయన గొంతు సన్నగా వినిపించేది. లాక్ చప్పుడు వినిపించమంటే ఆమె ఫోను ఆయన చెవి దగ్గర పెట్టేది. "నవ్వారమ్మా," అని చెప్పేది. లేదా ఏమీ చెప్పేది కాదు.

ఒక సాయంత్రం ఇంజను ఆన్ చేసి, వేలు స్విచ్చు మీద ఉంచి, ఫోను కోసం చూస్తున్నాను. మోగింది. అత్తయ్య. బండి గురించి అడగలేదు. "మీ ఆయన దగ్గర్లో ఉన్నాడా అమ్మా?" అంది.

ఇంజను ఆపి, ఆయన్ని పిలవడానికి పంపుల వైపు నడిచాను.

*

ఎండలు వచ్చాక గండి పూడ్చారు. పైన కంకర పరిచి, దాటొచ్చు అన్నారు. అంత్యక్రియలకీ దినాలకీ మేం పొదల దారినే పోయి వచ్చాం గనక, ట్రక్కు పట్నం చూడటం అన్నాళ్ల తర్వాత అదే మొదటిసారి. అత్తయ్యని ఇంటికి తెద్దామని వెళ్లాను.

ఆమె కింద దర్జీ దుకాణంలో కూర్చుని చొక్కాలకి గుండీలు కుడుతోంది. నన్ను చూసి దారం కొరికి, సూది గుచ్చి పక్కన పెట్టింది. పైకి వెళ్లాం. మంచం గోడవైపు జరిపి ఉంది. సర్దిన సామాను ఏమీ కనిపించలేదు.

"నేను ఇక్కడే కొన్నాళ్లుంటానమ్మా," అంది. "ఆ గుట్ట మీద పొద్దున్న లేస్తే ఎవరికి గ్లాసు కొలవాలి? ఇక్కడ కింద మాటలు వినిపిస్తుంటాయి. చేతికి పనుంది."

రమ్మని బతిమాలాను. ఆమె మంచం మీది దుప్పటి పరుస్తూ ఉంది. తర్వాత అడిగింది, "వాడు ఎలా ఉన్నాడు?"

"మాట్లాడటం లేదత్తయ్యా. కోపం కాదు. పొద్దస్తమానం పంపుల దగ్గరే."

"నీ మీద అనుకుంటున్నావా?"

"స్విచ్చుది కావాలన్నది నేనే కదా," అన్నాను.

"వాడికి ముందే తెలుసు," అంది అత్తయ్య. "వానలు మొదలవక ముందే డాక్టర్ వాణ్ణి పక్కకి పిలిచి చెప్పాడు. గుండె కూడా అయిపోయింది, ఎక్కువ రోజులు కావని. అందుకే దొరికేది వేయించేద్దాం అని వాడి గోల. ఉన్నన్నాళ్లూ ఒక్కరోజు కూడా తప్పిపోకూడదని."

కిటికీలోంచి కుట్టు మిషను చప్పుడు వస్తోంది.

"మామయ్యకి?"

"ఆయనకి తెలియదని వాడు అనుకున్నాడు. ఆయనకి తెలుసు. నేనే అడిగాను, ఎందుకండీ అంత పట్టుదల, పిల్లాడు చెప్పింది వేయించుకుంటే పోదా అని." ఆమె దుప్పటి అంచు మడత సరిచేసింది. "నేను ఎక్కేది ఇంకెన్నాళ్లే అన్నారు. అమ్మాయి రోజూ ఆ మలుపులు తిరగాలి, వచ్చే ఏడూ, ఆపై ఏడూ అన్నారు."

వెళ్తానంటే ఆమె కిందిదాకా వచ్చి, ట్రక్కు తలుపు వేసి, గట్టిగా పడిందో లేదో లాగి చూసింది.

పట్నం దాటేసరికి సన్నగా తుంపర మొదలైంది. వేళగాని వేళ, ఎండలోనే. తారు మీద దుమ్ము తడిసి నూనె రాసినట్టు మెరిసింది. మొదటి మలుపు వచ్చింది. మలుపు మధ్యలో, కావాలనే, కొంచెం తొక్కాను.

బండి మలుపు తిరిగింది. వెనక నుంచి ఏ చప్పుడూ రాలేదు.